నాలుగింటి నిశ్శబ్దం

మామగారి రిసీవర్‌ను కాల్చింది కోడలే. డాబా మీద ఆమె సరదాకి దూరదేశాలతో మాట్లాడే రేడియో సెట్టు యాంటెనా, ఆయన వినే తీగ పక్కపక్కనే ఉంటే కాలక ఏమవుతుంది? దాన్ని బాగుచేసి, మళ్ళీ అలా జరగకుండా ఒక రేకు పెట్టె తయారుచేసి మధ్యలో బిగించింది. ఆమె మాట్లాడినంతసేపూ పెట్టె ఆయన తీగను రిసీవర్ నుంచి విడదీస్తుంది, ఆపగానే కలుపుతుంది. పెట్టెకు కరెంటు ఆమె సెట్టు నుంచే.

మామగారూ, ఆయన స్నేహితుడూ ఒకప్పుడు ఓడల్లో రేడియో ఆపరేటర్లు. రోజూ సాయంత్రం నాలుగింటికి స్నేహితుడు తన ఇంటి నుంచి మోర్సు కోడులో కబుర్లు కొడతాడు. తన చెయ్యి వణకడం మొదలయ్యాక ఈయన వింటారు, అంతే. గుండె ఆపరేషన్‌కు వెళుతూ స్నేహితుడు, వారంలో వచ్చేస్తానని కొట్టి వెళ్ళాడు. పెట్టె బిగించింది సరిగ్గా ఆ వారంలోనే. ఇప్పటికి పన్నెండు రోజులైంది, చప్పుడు లేదు.

పెట్టె పాడైందా, మనిషే పోయాడా? కోడలికి ఏమీ పాలుపోలేదు. ఫోన్ నంబరు అడిగితే, మా మధ్య ఫోనెందుకని మామగారు చిరాకుపడ్డారు. రోజూ ఆఫీసు నుంచి రాగానే ఆమె తన సెట్టు వేసి పెట్టెను పరీక్షించేది. మామగారు ముల్లు తిప్పితే లోకంలోని స్టేషన్లన్నీ ఆయన రిసీవర్‌లో గోలగోలగా పలికేవి. మరి నాలుగింటికి ఏం రోగం?

సెలవు రోజున తానే పక్కన కూర్చుంది. ఆ బక్క సంకేతానికి తన సెట్టు గురగుర అడ్డు రాకూడదని, ఎప్పటిలాగే నాలుగింటికి ముందే దాన్ని ఆపేసింది. ఆఫీసు రోజుల్లోనూ అందుకే ఆపి వెళ్ళేది. రిసీవర్ ముల్లు స్నేహితుడు పలికే చోటే ఉంది, మామగారు దాన్ని ఇంకెవరినీ కదపనివ్వరు. ఎంత చెవులు రిక్కించినా ఏమీ లేదు.

పావుగంటకు మామగారు కుర్చీలో వెనక్కి వాలారు.

"నీ సెట్టు వేసుకో అమ్మాయ్. ఇంక వాడికోసం ఆపక్కర్లేదు."

మనసొప్పకపోయినా వేసింది. పెట్టెలో టక్కుమంది. రిసీవర్‌లో హోరు మొదలైంది. ఆ హోరులోంచి చుక్కలూ గీతలూ.

కోడలు నాలుక కరుచుకుంది. కరెంటు లేనప్పుడు తీగ విడిపోయే ఉండాలని, ఏ ప్రమాదమూ రాకూడదని అలా బిగించింది తానే. సెట్టు ఆపినప్పుడల్లా తీగ తెగిపోతోంది. ఆమె మర్యాదే ఇన్నాళ్ళూ ఆ మనిషిని చంపి కూర్చోబెట్టింది.

మామగారు వణికే చేత్తో రాసుకుని కాగితం ఇటు తోశారు. 'ఇంటికొచ్చి ఐదు రోజులు. రోజూ కొడుతున్నా. వింటున్నావు కదా?'

"జవాబు నువ్వే కొట్టాలి," అన్నారు కళ్ళు తుడుచుకుంటూ. "ఐదు రోజులూ విన్నానని కొట్టు."