వంతెన రెండో సగం

మా ఆయన్ని అందరూ వంతెన మాస్టారు అంటారు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు కానీ, ఆయనకి పేరు తెచ్చింది పాఠాలు కాదు. నది మీదున్న పాత రాతి వంతెన గురించి రాసిన పుస్తకం. ఆ వంతెనని రెండు ఒడ్ల నుంచీ ఒకేసారి మొదలుపెట్టి, నది మధ్యలో కలిపారని ఆయన తేల్చారు. అటువాళ్లూ ఇటువాళ్లూ చెరో సగం కట్టుకుంటూ వచ్చి నడి నీళ్లలో చేతులు కలిపారంటే వినడానికి ఎంత బాగుంటుంది! సభల్లో చప్పట్లు కొట్టారు, పిల్లల పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కించారు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ ఆయన రెండు చేతులూ చాచి, వేళ్లలోకి వేళ్లు జొనిపి చూపించేవారు. నేను లెక్కల టీచర్ని. ఆయన చేతులు చాచగానే ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లిపోయేదాన్ని. ఎన్నిసార్లని చూస్తాం?

మా అమ్మాయికి తండ్రి పిచ్చే అంటుకుంది. పెళ్లయి ఈ ఊళ్లోనే వేరే పేటలో ఉంటోంది, అదీ చరిత్రే చెబుతుంది. ఒక ఎండాకాలం పొద్దున్నే వచ్చి నన్ను వంటింట్లోకి లాగింది.

"అమ్మా, నాతో వంతెన దగ్గరికి రావాలి. టేపు రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాలి. నాన్నకి చెప్పకు."

"మీ ఆయన లేడా?"

"ఆయన పట్టుకుంటే కొలత సరిగ్గా రాదమ్మా. పక్క చూపులు చూస్తాడు."

ఎండ మండిపోతోందని నా గొడుగు కూడా పట్టుకుని వెళ్లాను. అవతలి ఒడ్డున వంతెన కింద ఒకప్పుడు నిలువెత్తు ముళ్లపొదలూ, మోకాలి లోతు బురదా ఉండేవి. మనిషన్నవాడు అడుగుపెట్టే చోటు కాదు. ఈమధ్యే మునిసిపాలిటీవాళ్లు అంతా కొట్టించి, నడవడానికి దారి వేశారు. దాంతో వంతెన అవతలి సగం మొదటిసారి మొహం చూపించింది.

అమ్మాయి నాకు రాళ్లు చూపించింది. వరదల కాలం వస్తే తాపీవాళ్లు పని ఆపేస్తారట. ఆపే ముందు చివరి రాళ్లని మెట్లు మెట్లుగా, పళ్లలాగా బయటికి వదిలేస్తారట, వచ్చే ఏడు కట్టే రాళ్లకి పట్టు దొరకడానికి. ఆ పళ్లు ఎటు తిరిగి ఉంటే పని అటు సాగినట్టు. రెండు ఒడ్ల నుంచీ కట్టి ఉంటే, ఇటు సగంలో పళ్లు అటూ, అటు సగంలో పళ్లు ఇటూ చూడాలి.

"నువ్వే చూడమ్మా, ఎటున్నాయో."

చూశాను. అన్నీ ఒకే వైపున్నాయి. మొదటి స్తంభం నుంచి చివరి స్తంభం దాకా అన్నీ అటే. వంతెనని ఒకే ఒడ్డు నుంచి కట్టుకుంటూ వచ్చారు. నడి నీళ్లలో ఎవరూ ఎవరి చేతులూ కలపలేదు.

"నాన్న చూసింది ఇటు సగమేనమ్మా" అంది అమ్మాయి మెల్లిగా. "అటు కిందికి దిగడానికి అప్పట్లో దారే లేదు. ఇటు ఇలా ఉంది కాబట్టి అటు అద్దంలో బొమ్మలా ఉంటుందనుకున్నారు."

ఒక బుగ్గ చూసి పిల్ల నచ్చిందని చెప్పే రకం మా ఆయన, నాకు తెలుసు. నవ్వొచ్చింది. వెంటనే గుండెలో కలుక్కుమంది కూడా. ఆయనకున్న పేరంతా ఆ నడి నీళ్ల మీదే నిలబడి ఉంది.

"పుస్తకం రాస్తున్నాను. ముందే చెబితే ఆయన పక్కన కూర్చుని దిద్దేస్తారు, రేపు జనం తండ్రే రాసిచ్చాడంటారు. అచ్చువాళ్లు ఒప్పుకున్నాక నేనే చెబుతాను. ఈలోగా ఆయన మొహం చిన్నబోతే ఒక్క ముక్క ముందుకి రాయలేనమ్మా" అంది. సరేనన్నాను. అది రాళ్ల ఫోటోలు తీసుకుంటూ, రాయి ఎంత పెద్దదో తెలియడానికి ప్రతి రాయికీ నా గొడుగు ఆనించింది.

అది పుస్తకం పూర్తిచేసి, పరిశోధన పుస్తకాలే వేసే ఒక ప్రచురణ సంస్థకి పంపింది. వాళ్లకో పద్ధతుంది. వచ్చిన రాతప్రతిని, పేరు తీసేసి, ఆ విషయం బాగా తెలిసినవాళ్లకి పంపుతారు. ఎవరు రాశారో చదివేవాళ్లకి తెలియదు, ఎవరు చదివారో రాసినవాళ్లకి తెలియదు. చదివినవాళ్లు సరేనంటేనే ఆ ఏటి కొత్త పుస్తకాల్లో చోటు. వాళ్లు వద్దంటే ఇక అంతే.

వానలు మొదలయ్యాక మా ఇంటికి ఒక లావుపాటి కట్ట వచ్చింది.

"ఏమోయ్, మన వంతెన మీద ఎవరో కొత్త పుస్తకం రాశారట! చదివి చెప్పమంటున్నారు" అన్నారు ఆయన, కొత్త బట్టలు చూసిన పిల్లాడిలా.

అది మా అమ్మాయి పుస్తకమేనని నాకు వెంటనే తెలిసిపోయింది. వంతెన సంగతి ఇంకెవరిని అడుగుతారు మరి? అమ్మాయి ఇంటిపేరు మారిపోయింది, ఇది ఆయన కూతురని అక్కడ ఎవరికీ తెలియదు. నోరు విప్పితే ఆయన ఆ క్షణమే కట్ట వెనక్కి పంపేస్తారు. ఇక ఆ ఏడు పుస్తకం అచ్చుకి వెళ్తుందో లేదో చెప్పలేం. మూసుకుని ఉంటే, తన పుస్తకాన్ని పడగొట్టే పుస్తకాన్ని ఆయనే చదవాలి. మూసుకునే ఉన్నాను. జీవితంలో నేను నోరు మూసుకున్న సందర్భాలు తక్కువ, అందుకే చాలా కష్టమైంది.

ఆయన కాఫీ తాగుతూ నడవలో పేపరు చూస్తుంటే బల్ల సర్దే నెపంతో కట్ట తిరగేశాను. అడుగున ఫోటోలు! ప్రతి ఫోటోలోనూ నా గొడుగు! విరిగిన పిడికి నీలం టేపు చుట్టి ఉన్న ఆ గొడుగుని మా వీధిలో కుక్కలు కూడా గుర్తుపడతాయి. ఫోటోలు తీసేద్దామా అనుకున్నాను. పిల్ల ఎండలో మాడి తీసిన ఫోటోలు, ముట్టుకోబుద్ధి కాలేదు. అయినా ఒక ధైర్యం. ఆయన రాతంతా అయ్యేదాకా బొమ్మలు చూడరు. బొమ్మలు చూస్తే రాత మీద జాలి పుడుతుందంటారు. గొడుగుని మాత్రం అటక మీదికి తోసేసి, మార్కెట్టుకి తడుస్తూ వెళ్లొచ్చాను.

"గొడుగేదోయ్?"

"ఏమో, ఎక్కడో పెట్టాను."

మొదటి మూడు అధ్యాయాలు ఆయన మురిసిపోతూ చదివారు. "ఎవడో గానీ బాగా రాస్తున్నాడోయ్" అన్నారు. ఆ 'వాడు' అన్న మాటకి నాకు ఒళ్లు మండింది. నాలుగో అధ్యాయంలో రాళ్ల పళ్లు వచ్చాయి. ఆ రోజు నుంచి అన్నం కెలికి లేచిపోయేవారు. గదిలో ఇటు నుంచి అటూ, అటు నుంచి ఇటూ నడుస్తున్న చప్పుడు వినిపించేది. ఎవరైనా వచ్చినా చేతులు చాచి చూపించలేదు. ఇన్నేళ్లూ ఆ చేతుల్ని చూసి విసుక్కున్న నాకే అవి ఒళ్లో ఊరికే పడి ఉంటే ప్రాణం ఉసూరుమంది.

"ఎవడో నా సగం జీవితం మీద గీత కొట్టేశాడు" అన్నారు ఒకరోజు.

"తప్పు రాశాడా?"

"తప్పయితే నాకు నిద్ర పట్టేది కదా."

వాన తెరిపిచ్చిన పొద్దున నన్ను వెంటబెట్టుకుని అవతలి ఒడ్డుకి వెళ్లారు. కొత్త దారంతా తడి. చెప్పులు చేత్తో పట్టుకుని ఒక్కో స్తంభం దగ్గరా ఆగి, కళ్లద్దాలు తుడుచుకుని, రాయి మీద చెయ్యి వేసి తడిమారు. "ఇక్కడా అటే" అనేవారు. ఇంకో స్తంభం. "ఇక్కడా అటే." చివరి స్తంభం దగ్గర గట్టు మీద కూలబడ్డారు. నేను పక్కన కూర్చున్నాను. ఏడుస్తారేమోనని భయపడ్డాను.

"ఎంత శ్రద్ధగా చూశాడోయ్!" అన్నారు. "నేను పొదలు చూసి వెనక్కి తిరిగాను. వాడు ఒక్క రాయిని కూడా వదల్లేదు."

నా బిడ్డ గురించి ఆయన ఆ మాట అంటుంటే, అది నీ కూతురయ్యా అని అరవాలనిపించింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

ఇంటికొచ్చి నివేదిక రాశారు. భోజనాల బల్ల దగ్గర నాకు చదివి వినిపించారు. 'ఈ పుస్తకం తప్పక వెయ్యాలి. వంతెన గురించి ఇంతకు ముందొచ్చిన పుస్తకం తప్పని ఇది రుజువు చేస్తోంది. ఆ తప్పు నాది. రచయిత నా మీద మర్యాద కొద్దీ, పాత పుస్తకం రాసినాయనకి బహుశా అవతలి సగం చూసే అవకాశం లేకపోయిందేమో అని రాశారు. ఆ బహుశా తీసేయమనండి. చూడలేదని రాయమనండి.'

ఈయన్ని కట్టుకుని ఇన్నేళ్లయింది, పొడుగ్గా మాట్లాడతారని సణిగాను, తువ్వాలు మంచం మీద పడేస్తారని సణిగాను. ఇంత మనిషని అంతవరకూ తెలియలేదు.

"ఇక ఆ గొడుగు తీసుకురా" అన్నారు.

"ఏ గొడుగు?"

"అటక మీది గొడుగు. దాని పిడికి నీలం టేపు చుట్టింది నేనే కదోయ్. నివేదిక మీద సంతకం పెట్టేశాక బొమ్మలు చూశాను." ఆయన మొహం వెలిగిపోతోంది, కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి. "మనమ్మాయేనా?"

"మనమ్మాయే. ఇక 'వాడు' అనకండి."

కండువాతో మొహం తుడుచుకున్నారు. తర్వాత ఇంకో కాగితం తీసి రాయడం మొదలుపెట్టారు. ఈ పుస్తకం రాసింది నా కూతురని ఇప్పుడే తెలిసింది, కాబట్టి నా నివేదికని లెక్కలోకి తీసుకోకండి, నాతో ఏ సంబంధమూ లేని మనిషికి, మీ దగ్గరున్నవాళ్లలో అందరికంటే కఠినంగా చూసే మనిషికి పంపండి, అని.

నేను ఒంటికాలి మీద లేచాను. "మీకేమైనా పిచ్చా? తెలియకముందే కదా రాశారు! నిజమే కదా రాశారు! ఇంకెవరో వద్దంటే? ఈ ఏటి పుస్తకాల్లో చోటు పోతే? పిల్ల కష్టమంతా బుగ్గిపాలు చేస్తారా మీ పెద్దమనిషితనం కోసం?"

"నా పెద్దమనిషితనం కోసం కాదోయ్. రేపు ఎవరో ఒకరు తండ్రి దాటించాడంటారు. ఆ ఒక్క మాటతో ఈ పుస్తకం జీవితాంతం కుంటుతుంది. దీనికి నా చెయ్యి అక్కర్లేదు. నువ్వు చూశావుగా రాళ్లు."

చూశాను, నిజమే. కోపం మాత్రం తగ్గలేదు. ఆ పూట ఆయనకి కాఫీ ఇవ్వలేదు.

కొన్నాళ్లకి అమ్మాయి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. చదివినవారు మీ దగ్గరి బంధువని తేలింది కనక మళ్లీ వేరేవాళ్లకి పంపుతున్నామని సంస్థవాళ్లు దానికి ఫోన్ చేశారట. వంతెన గురించి చదవగల దగ్గరి బంధువు దానికి ఎంతమంది ఉంటారు?

"నాన్నా, మీరు చదివారా?"

"చదివానమ్మా."

"ఏమని రాశారు?"

"చెప్పను. నా మాట చెల్లదిప్పుడు. చెల్లేవాళ్లు చదువుతున్నారు."

పుస్తకం సంగతి వదిలేసింది. "కోపం వచ్చిందా నాన్నా?" అని అడిగింది.

"వచ్చింది. నాలుగో అధ్యాయం దగ్గర వచ్చింది" అన్నారు ఆయన. "వంతెన దగ్గర పోయింది."

అది వచ్చి ఆయన పక్కన కూర్చుని భుజం మీద తల పెట్టుకుంది. "మీ నివేదిక వెనక్కి తీసుకుని మంచిపని చేశారు" అంది. ఇద్దరూ ఒకే మట్టితో చేసిన మొండిఘటాలు. వాళ్లిద్దరికీ కలిపి కాఫీ పెట్టాను.

తర్వాత ఎదురుచూపులు. ఫోన్ మోగితే చాలు నేను పరుగెత్తేదాన్ని, ఆయన పేపరు వెనక దాక్కునేవారు. చివరికి కబురొచ్చింది. చదివినాయన ఎవరో గానీ కొరకరాని కొయ్యట, పేజీ పేజీకీ ప్రశ్నలు వేశాడట. అమ్మాయి ప్రతిదానికీ జవాబు రాసింది. ఆయన చివర్లో, వంతెన గురించిన తగవు ఈ పుస్తకంతో తీరిపోయిందని రాసి సంతకం పెట్టాడు. ఇక మా ఆయన అప్పటిదాకా దాచిన తన నివేదిక తీసి దానికిచ్చారు. అది బహుశాలన్నీ తీసేసింది.

సంస్థవాళ్లు ఆ ఏటి కొత్త పుస్తకాలన్నీ ఒకేసారి విడుదల చేశారు. పొడవాటి హాలు, గోడ వెంబడి బల్లలు. చీమల గురించి ఒకటి, ఉప్పు వ్యాపారం గురించి ఒకటి, ముసలితనంలో జ్ఞాపకశక్తి గురించి ఒకటి. ఒక్కో బల్ల వెనకా రాసినవాళ్లు కూర్చున్నారు. చీమలాయన దగ్గర జనం పలచగా ఉంటే పాపమనిపించింది కానీ, నా కాళ్లు మాత్రం వంతెన బల్ల వైపే నడిచాయి.

మాస్టార్ని చూసి ఎవరో పాత శిష్యుడు, "ఏం మాస్టారూ, ఇప్పుడు మీ పుస్తకం సంగతేమిటి?" అన్నాడు, కొంచెం నొప్పించాలనే.

"బీరువాలో పెట్టుకో" అన్నారు ఆయన గట్టిగా, పది మందికీ వినబడేలా. "చదువుకోవాలంటే ఇది చదువు. నాది తప్పు, ఇది ఒప్పు. రాసింది మా అమ్మాయి." ఆ వరసలోనే చెప్పారు.

సంస్థవాళ్లు ఉచితంగా ఇస్తామన్నా వినకుండా ఒక ప్రతి కొనుక్కుని, సంతకం కోసం వరసలో నిలబడ్డారు. మాస్టారూ ముందుకి రండని ఎంతమంది అన్నా కదల్లేదు. ఆయన వంతు వచ్చింది. తండ్రిని చూడగానే అమ్మాయి గబుక్కున కుర్చీలోంచి లేచింది.

"కూర్చో తల్లీ" అన్నారు ఆయన, పుస్తకం తెరిచి బల్ల మీద పెడుతూ. "రాసినవాళ్లు కూర్చోవాలి. చదివేవాళ్లం మేం నిలబడతాం."

అది కూర్చుంది. కలం పట్టుకుంది కానీ రాయలేకపోతోంది, కాగితం మీద నీళ్లు రాలుతున్నాయి. ఆయన చేతులు కట్టుకుని, దాని దగ్గర చదువుకోవడానికి వచ్చినవాడిలా, ఓపిగ్గా నిలబడ్డారు. ఆయన వెనక నేను నిలబడ్డాను.

నా వెనకాయన, "కాస్త త్వరగా కానివ్వమనండమ్మా" అన్నాడు.

"ఆగండి" అన్నాను. "వాళ్లిద్దరూ నావాళ్లు."