హిమజ నన్ను విప్పిన రోజు

ఇలా దగ్గరికి జరగండమ్మా, గట్టిగా మాట్లాడే ఓపిక లేదు. నేను ఒక పాత చలికోటుని. ఎక్కడో మిషన్ల హోరులో పుట్టాను. బూడిదరంగు, మోకాళ్లు దాటే పొడుగు. మొదట ఈ మంచుదేశంలో ఒక లావుపాటి లారీ డ్రైవరు తొడుక్కున్నాడు. ఆయన పొట్టే తగ్గిందో, నా మీద మోజే తగ్గిందో, తెచ్చి ఒక కాలేజీలో ఇచ్చేశాడు. చలి ఎరగని దేశాల నుంచి వచ్చిన పిల్లలు అక్కడి ఆఫీసులో మాలాంటి పాత కోట్లని అరువు తీసుకునేవాళ్లు. తిరిగి తెచ్చేవాళ్లు తక్కువే అనుకోండి. ఎంతమందిని కప్పానో, జేబుల్లో ఎన్ని ముక్కు తుడుచుకున్న కాగితాలు మోశానో! పోనీలెండి.

ఆఖరున హిమజ వచ్చింది. పాలకొండ పిల్ల, కెమిస్ట్రీ చదువు. మొగుడు విశాఖలో ఉద్యోగం. సెలవులకి వెళ్లొచ్చిన నెలకి కడుపని తెలిసింది. బిడ్డా కావాలి, చదువూ కావాలి. ఫోనులో అత్తగారు, "ఐదో నెల దాటేదాకా ఎవరికీ చెప్పకు తల్లీ, దిష్టి" అంది. సరే, అదొకటి. పైగా తెలుగు పిల్లల గ్రూపులో ఎవరో, "కాలేజీకి తెలిస్తే వీసా పీకేస్తారు, మా ఫ్రెండు ఫ్రెండుకి అలాగే అయింది" అని ఎక్కించారు. ఆ ఫ్రెండు ఫ్రెండు ఎవరో ఈనాటికీ ఎవరికీ తెలీదు.

ఐదు దాటి ఆరో నెల. నన్ను మాత్రం విప్పదు. ల్యాబులో తెల్లకోటు కూడా నా మీదే తొడిగేది. ఘాటు సీసాల మూత తీసినప్పుడల్లా ఊపిరి బిగబట్టి, నా లోపల చెయ్యి పెట్టి పొట్ట పట్టుకునేది. "ఇంకొన్నాళ్లే కన్నా" అని గొణిగేది.

రూమ్మేటు సలోమి గుంటూరు పిల్ల, ఊరుకుంటుందా?

"ఏమే, మంచు కరిగిపోయింది, ఈ పరుపు విప్పవా? కన్నాక కూడా పిల్లని దీన్లోనే దాస్తావా?"

"వీసా పోతే నువ్విస్తావా?"

"పోతుందని ఆఫీసోళ్లు చెప్పారా?"

"గ్రూపులో..."

"గ్రూపొచ్చి పురుడు పోస్తుందా నీకు? నడు!"

లాక్కుపోయింది. ఆఫీసులో మార్తా అని ఒక పెద్దావిడ. హిమజ నన్ను విప్పి కుర్చీ మీద వేసింది, అంతే.

మార్తా ఆ పొట్టనీ, కాగితాల్లో కెమిస్ట్రీ ల్యాబు అని ఉన్నదాన్నీ చూసి, "ఇన్నాళ్లూ ఆ సీసాల దగ్గరే ఉన్నావా అమ్మా?" అంది.

ముందే చెబితే ఆ కాలేజీలో కాన్పుకి సెలవుందట, వీసాకి ఢోకా లేదట. ఆ సాయంత్రానికే ల్యాబు మాన్పించి కంప్యూటరు పనికి మార్చింది. డాక్టరు దగ్గరికి తోడొచ్చింది. ఇన్ని నెలల భయం ముప్పావుగంటలో తేలింది.

ఆడపిల్ల పుట్టింది, నెల ముందే, పిడికెడంత. పదిరోజులు గాజుపెట్టెలో ఉంచారు. సీసాల వల్లేనా అంటే డాక్టర్లు ఏమీ తేల్చలేదు. హిమజ మాత్రం తప్పు తనదేనని తేల్చేసుకుని, నన్ను ఒళ్లో పెట్టుకుని రాత్రీ పగలూ ఆ పెట్టె పక్కనే కూర్చుంది. పిల్ల ఇప్పుడు బోర్లా పడుతోంది, తల్లి క్లాసులకి పోతోంది.

గుండీలూడి, అస్తరు చిరిగి నేను ఈ చెత్తడబ్బా పక్కకి వచ్చాను. విచారం లేదు, అలిసిపోయాను. ఎవరైనా కోటు కింద కడుపు దాచుకుని తిరుగుతుంటే, ఈ మూల నుంచి నేను చెప్పినా వాళ్లకి వినపడదు. మీరు చెప్పండమ్మా. నా ఊసక్కర్లేదు. పదిరోజులు ఆ గాజుపెట్టె పక్కన హిమజ ఎలా కూర్చుందో చెప్పండి, చాలు.