హేమ్లి నేర్చుకున్న జవాబులు

లిదియా పని మనుషులను ప్రశ్నలు అడగడం. ఎనభై తొమ్మిది ఎన్నికలకు నెల ముందు హైదరాబాదు నుంచి ఒక సర్వే సంస్థ వాళ్లు వచ్చి ఖమ్మం జిల్లాకు పన్నెండు మందిని తీసుకున్నారు. అందులో ఆడవాళ్లు ఇద్దరే. అడవి ఊళ్లంటే భయపడి రెండో ఆమె మూడో రోజే మానేసింది. లిదియాకు మానడానికి కారణం దొరకలేదు. ముప్పై ఎనిమిదేళ్లు. పెళ్లి కాలేదు. తల్లి పోయి ఏడాదిన్నర. మిర్చి యార్డు వెనక కిరాయి గది, పొద్దున టైపు ఇన్‌స్టిట్యూట్‌లో రెండు గంటల పాఠం, ఆదివారం చర్చి. అంతే. మాటకు మాట లేక, కొన్ని రోజులు సాయంత్రానికి తన గొంతు తనకే బొంగురుగా వినిపించేది. సర్వేలో చేరాక రోజుకు ఎనిమిది మందితో మాట్లాడుతోంది. వాళ్లలో ఎవరూ ఆమె పేరు అడగరు, అది వేరే సంగతి.

ములకలపల్లి దగ్గర బస్సు దిగి, పత్తి చేల వెంట గంటసేపు నడిస్తే ఆ తండా. ఓటర్ల లిస్టులో ప్రతి పద్దెనిమిదో మనిషిని అడగాలని నియమం. అట్లా వచ్చిన పేరు హేమ్లి, వయసు యాభై ఎనిమిది.

తండా పెద్ద, నాయక్ బిచ్యా మంచం మీద కూర్చుని పేరు విన్నాడు. నవ్వాడు.

"హేమ్లికేం తెలుస్తది మేడమ్? మొగడు చచ్చిండు, పిల్లల్లేరు. ఆమె ఓటు గూడ నేను చెప్పిన దానికే. ఆ కాగితం ఇటియ్యి, నేను రాపిస్త."

"లేదు నాయక్. లిస్టుల ఆమె పేరే వచ్చింది. ఆమెనే అడగాలె."

హేమ్లి గుడిసె తండా చివర, అడవి మొదలయ్యే చోట ఉంది. ఆమె జొన్నలు చెరుగుతోంది. సంగతి చెప్తే చేట కింద పెట్టి చాలాసేపు లిదియా వైపు చూసింది.

"గింతమందిల నా పేరే ఎట్లొచ్చింది బిడ్డా?"

"లెక్కల వచ్చింది అవ్వా."

"ఎవలన్న చెప్పిండ్రా?"

"ఎవరూ చెప్పలే. వచ్చింది, అంతే."

ఆ మాట ముసలామెకు బాగా పట్టింది. లోపలికి పోయి మొఖం కడుక్కుని, తలకొంగు సర్దుకుని వచ్చి కూర్చుంది. మొత్తం ముప్పై ఒక్క ప్రశ్నలు. దేశానికి అన్నిటికంటే పెద్ద సమస్య ఏది? ప్రధానమంత్రి ఎవరు? మీ ఎమ్మెల్యే ఎవరు? ధరల గురించి ఏ పార్టీ ఏం చెప్తోంది? మొదటిదానికి హేమ్లి ధైర్యంగానే "తెల్వదు" అంది. ఆరోదానికి గొంతు తగ్గింది. పదో ప్రశ్నకు వచ్చేసరికి తల అడ్డంగా ఊపడమే.

"తెలియదన్నా జవాబే అవ్వా. తప్పేం లేదు," అంది లిదియా.

"తప్పు లేకుంటే అడిగేదెందుకు?"

లిదియా తర్వాతి ప్రశ్నకు పోయింది. పందొమ్మిది చోట్ల 'తెలియదు' దగ్గర గుర్తు పెట్టింది. లేస్తుంటే హేమ్లి అడిగింది:

"నీ పేరేంది?"

ఈ పనిలో చేరాక అది అడిగిన మనిషి ఈమె ఒక్కతే. చెప్పింది.

"మళ్ల వస్తవా లిద్యా?"

"వస్త. ఓట్లయినంక అందర్నీ ఇంకోసారి అడగాలె. ఇవే ప్రశ్నలు."

"ఇవేనా?" అంది హేమ్లి, అదేదో పెద్ద విషయమైనట్టు.

డిసెంబరు రెండో వారంలో లిదియా మళ్లీ వెళ్లింది. గుడిసె ముందు అలికి ఉంది. కూర్చోవడానికి చెక్కపీట తెచ్చి పెట్టి ఉంది. కాగితాలు తీయకముందే హేమ్లి మొదలుపెట్టింది. ప్రధానమంత్రి పాతాయన పేరు, కొత్తాయన పేరు, ముఖ్యమంత్రి పేరు, ఎమ్మెల్యే పేరు ఒక్క ఊపిరిలో చెప్పేసింది. లిదియా అప్పుడు సంచిలోంచి ఫారం తీసింది.

"ఎట్ల నేర్చుకున్నవ్ అవ్వా?"

వారం వారం సంతకు పోయినప్పుడు ములకలపల్లిలో చాయ్ హోటల్ బయట కూర్చుని రేడియో వార్తలు విన్నదట. అర్థం కానివి బడి సారును దారిలో ఆపి అడిగిందట. అన్ని పార్టీల మీటింగులకూ, ఎవరూ పిలవకుండానే, నడిచిపోయిందట.

"పప్పు అగ్గువ చేస్తమని అందరూ చెప్పిండ్రు. ఎట్ల చేస్తరని ఒకల్ని అడిగిన. మైకు పట్టుకున్నోడు నవ్విండు. అడవి కొట్టి దున్నుకున్న మా పోడు భూమికి పట్టా ఎప్పుడిస్తరని ఇంకొకల్ని అడిగిన. ఆయన చూద్దామన్నడు. చూద్దామంటే ఇయ్యరని నాకు తెలుసు. రాయి బిడ్డా, రాయి."

లిదియా రాసింది. ఫారంలో జాగా చాలక పక్కన అంచుల్లో కూడా రాసింది. ఇరవై ఏడో ప్రశ్న: ఓటు ఎవరికి వేయాలో ఎవరినైనా సలహా అడిగారా?



"అడగలే. నాయక్ ఒకటి చెప్పిండు. నేను ఇంకోదానికేసిన. దాస్తే ఏమొస్తదని చెప్పేసిన గూడ. గప్పటి సంది నాతోని ఎవలు మాట్లాడతలేరు. కట్టెలకు గుంపుతోని పోయేదాన్ని. ఇప్పుడు నేను పోతాంటే వాళ్లు లేచి ముందు పోతరు."

ఆమె ఏడవలేదు. ఎండ ఎక్కువుందని చెప్పినట్టు చెప్పింది. లిదియా రాయడం ఆపింది. ఆ ముప్పై ఒక్క ప్రశ్నలు ఈ గుమ్మంలోకి తెచ్చింది తానే.

"ఈసారి ఎన్ని తప్పులు పోయినయ్?" అని అడిగింది హేమ్లి.

"ఒక్కటి గూడ లేదు అవ్వా."

ముసలామె మొఖం విప్పారింది. "మళ్లెప్పుడొస్తవ్? ఈసారి ఇంకేమేం తెలుసుకోవాలె?"

సర్వే అయిపోయిందని లిదియా చెప్పాలి. చెప్పలేకపోయింది. "కబురు చేస్త," అని లేచింది.

ఖమ్మంలో సూపర్‌వైజరు వెంకటరామారావు హేమ్లి రెండు ఫారాలనూ పక్కపక్కన పెట్టుకుని చదివాడు. పెద్దమనిషి, నెమ్మదస్తుడు.

"నువ్వు అబద్ధం రాసినవని అనను లిదియా. కానీ ఇది లెక్కలోకి రాదు. మనం అడిగినందుకే ఆమె తెలుసుకుంది. జిల్లాలో మనం అడగనోళ్లు లక్షల మంది. వాళ్లు పోయి తెలుసుకున్నరా? మన లెక్క వాళ్ల గురించి." అంటూ ఆ రెండింటినీ విడిగా దారంతో కట్టి పక్కన పెట్టాడు. ఆయన మాటలో తప్పేమీ లేదు.

క్రిస్మస్ పండుగ వెళ్లిన వారానికి, పని ఏమీ లేకుండా, సొంతంగా ఆ తండాకు పోయింది. దారంతా ఏం చెప్పాలో అనుకుంటూనే ఉంది. హేమ్లి నడుముకు కత్తి చెక్కుకుని అడవికి బయల్దేరుతోంది. లిదియాను చూడగానే చేతుల వైపు చూసింది.

"కాగితాలేవి?"

"అయిపోయినయ్ అవ్వా. ఇక ఎవరూ రారు. నేను ఊరికెనే వచ్చిన."

"నేను చెప్పినవి?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "లెక్కల తీసుకోలే. మేమడిగినందుకు నేర్చుకున్నవని."

హేమ్లి కత్తి పిడి మీద వేళ్లు ఆడిస్తూ నిలబడింది.

"ఎవలు అడగకుంటే ఎందుకు నేర్చుకుంటరు?" అంది. కోపం లేదు ఆ గొంతులో. నిజంగానే అడుగుతోంది.

"సరే, నడువు," అంది హేమ్లి. "ఎండెక్కుతది."

ఇద్దరూ అడవిలోకి పోయారు. ముందు పోతున్న ఆడవాళ్ల నవ్వులు కాసేపు వినిపించాయి. వీళ్లు దగ్గరపడేకొద్దీ ఆ నవ్వులు ఇంకా దూరం జరిగాయి. హేమ్లి కొట్టిన కట్టెలను లిదియా ఏరి పేర్చింది. చేతులకు ముళ్లు గుచ్చుకున్నాయి. వంగి మోపు కడుతూ హేమ్లి అడిగింది:

"నీకెవలున్నరు?"

"ఎవరూ లేరు."

హేమ్లి అయ్యో అనలేదు. రెండు మోపుల్లో చిన్నదాన్ని లేపి లిదియా తలమీద పెట్టి, మెడ నిలవడానికి ఎట్లా నడవాలో చూపించింది. గుడిసె దగ్గర జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు పెట్టింది. తింటున్నప్పుడు ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు. కాగితం లేకపోతే ఏం అడగాలో లిదియాకు తెలియలేదు. అడిగేవాళ్లు లేకపోతే ఏం చెప్పాలో హేమ్లికి తెలియలేదు.

నాలుగు గంటల బస్సుకు హేమ్లి రోడ్డు దాకా వచ్చింది. "రావాలనుకుంటే రా," అంది. "లేకుంటే లేదు."

బస్సు కదిలింది. కిటికీలోంచి చూస్తే ముసలామె అప్పటికే వెనక్కి తిరిగి పత్తి చేల మధ్య నడుస్తోంది. ఒక్కతే, తొందర లేకుండా.

లిదియా తర్వాత రెండుసార్లు, బస్సు మారే కొత్తగూడెం దాకా వచ్చింది. రెండుసార్లూ ములకలపల్లి బస్సు నిండే దాకా స్టాండులో నిలబడి, కాగితం లేకుండా పోయి ఏం అడగాలో తోచక, తిరిగి ఖమ్మం బస్సెక్కింది. తొంభై ఒకటిలో మళ్లీ ఎన్నికలొచ్చాయి. ఆ సంస్థవాళ్లు మళ్లీ పిలిచారు. ఈసారి మధిర వైపు ఊళ్లు. పోతానంది. లిస్టులో మొదటి పేరు చూసుకుని ఒక గుమ్మం ముందు నిలబడి, లోపలివాళ్లను పిలవడానికి చాలాసేపు పట్టింది ఆమెకు.