వర్జ్యం దాటేదాకా

పొద్దున్న ఎనిమిదీ ఇరవైకి మగ్గం మీద కూర్చున్న సన్యాసిరావు చేతిలోంచి అడ్డపోగు దూర్చే నాడె జారిపోయింది. అందుకోబోతే కుడిచెయ్యి లేవలేదు. భార్య వరహాలు వచ్చి చూసేసరికి మూతి ఒక పక్కకి వంగి ఉంది, మాట ముద్దగా వస్తోంది. ఆమె వెంటనే ఆటోకి కబురు పెట్టింది. ఆటో వచ్చి గుమ్మం ముందు ఆగింది. అక్కడి నుంచి కదలలేదు.

గుమ్మంలో అడ్డంగా నిలబడింది సన్యాసిరావు తల్లి అప్పయమ్మ. చేతిలో గోడ క్యాలెండరు.

"ఎనిమిదీ పద్నాలుగు నుంచి తొమ్మిదీ యాభై దాకా వర్జ్యం. అది దాటాక బయల్దేరండి."

"మనిషి అలా అయిపోతుంటే వర్జ్యం చూస్తావేంటత్తా?"

"మీ మావని ఇలాగే ఆదరాబాదరాగా తీసుకెళ్లాం. తిరిగి తెచ్చుకున్నామా?"

పాఠకులారా, తొందరపడి ఆ ముసలామెను తిట్టకండి. రెండేళ్ల కిందట గుండెనొప్పి వచ్చిన ఆమె భర్త ఆస్పత్రి దారిలోనే పోయాడు. పదోరోజున, ఆ క్యాలెండరుకు తిథులూ వర్జ్యాలూ కట్టే సోమేశ్వర సిద్ధాంతిగారు పంచాంగం తిరగేసి, "వర్జ్యంలో కదిలించారు కదమ్మా" అన్నారు. ఆయన ఏదో మాటవరసకు అన్నారు. ఆమె మాత్రం భర్తను తన చేతులారా చంపుకున్నానని నమ్మింది. ఇప్పుడు కొడుకును దక్కించుకుందామనే ఆపుతోంది.

ఎనిమిదీ నలభై అయింది. వరహాలు మంచానికీ గుమ్మానికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. ఆటో అతను రెండుసార్లు ఇంజను ఆపాడు, రెండుసార్లు స్టార్ట్ చేశాడు.

"చెల్లెమ్మా, మా బావమరిదికీ ఇలాగే వచ్చింది. ఇది నిమిషాల మీద ఉంటుందన్నారు డాక్టరుగారు. తొందరగా తేల్చండి."

ఇక లాభం లేదని వరహాలు నాలుగిళ్ల అవతలున్న సిద్ధాంతిగారింటికి పరుగెత్తింది. ఆయన పూజలో ఉన్నారు. లేచేదాకా అరుగు మీద నిలబడి గోళ్లు కొరుక్కుంది.

"దోషం పోయే దారేదైనా చెప్పండి బాబుగారూ. మావయ్య పదోరోజున మీరన్న మాట పట్టుకుని మా అత్త కదలనివ్వట్లేదు."

ఏ మాటో సిద్ధాంతిగారికి మొదట గుర్తు రాలేదు. గుర్తొచ్చాక కండువా కూడా వేసుకోకుండా బయల్దేరారు.

"అప్పయమ్మా, తప్పుకో."

"ఈ వర్జ్యం మీరు కట్టిందే కదా బాబూ."

"నేనే కట్టాను. పెళ్లికి, విత్తనానికి, కొత్తింటికి. రేపు చేసుకున్నా నష్టం లేని పనులకి. రోగం నన్నడిగి వచ్చిందా? మీ ఆయన పోయింది గుండె ఆగి. ఆవేళ నోరు జారాను. ఆ పాపం నాది, నీది కాదు."

అప్పయమ్మ క్యాలెండరు వదిలేసి కూలబడింది. సిద్ధాంతిగారే సన్యాసిరావును పట్టుకుని ఆటో ఎక్కించారు. అప్పటికి తొమ్మిదీ పది.

ప్రాణం దక్కింది. మాట తిరిగొచ్చింది. కుడిచేతి వేళ్లు మాత్రం మళ్లీ నాడె పట్టలేదు. ఇంకాస్త ముందు తెచ్చుంటే బాగుండేదని డాక్టరు అన్నారు. ఇప్పుడు మగ్గం మీద వరహాలు కూర్చుంటోంది, సన్యాసిరావు ఎడమచేత్తో నూలు చుట్టిన కండెలు అందిస్తున్నాడు.

ఉగాది నాడు పంచాంగం వినడానికి పేటంతా చేరింది. సిద్ధాంతిగారు పుస్తకం తెరవలేదు. ముందు వరసలో ఉన్న సన్యాసిరావు చేతిని చూపించారు.

"ఆ వేళ్లు నా మాట వల్ల పోయాయి. ఈ ఏడు మొదట చదివేది ఇదే. నా పంచాంగంలో ఆస్పత్రికి వర్జ్యం లేదు. ఎవరైనా ఆపితే, నా పేరు చెప్పి బయల్దేరండి."