ఒకే ప్యాకెట్లో బుడగలు

సైన్సు టీచరు ఆ రోజు చేయించాలనుకున్నది మామూలు ప్రయోగమే. బుడగ ఊది, జుట్టుకు రుద్ది, కాగితం ముక్కల దగ్గర పెడితే అవి గంతులేస్తూ వచ్చి అంటుకుంటాయి. రాపిడి వల్ల ఒక వస్తువు నుంచి ఇంకో వస్తువుకు ఎలక్ట్రాన్లు వెళతాయని పుస్తకంలో జవాబుంది. పిల్లలు చేసి, నవ్వుకుని, ఆ జవాబు రాసుకుని, గంట కొట్టగానే బయటికి పరిగెత్తాలి. ఏటా అంతే జరిగేది.

ఈసారి ముందు బెంచీలో మిరపగింజ ఉంది. మనిషి బెత్తెడు, ఘాటు బారెడు కాబట్టి తోటి పిల్లలు పెట్టిన పేరది. తలంటుకుని తడి జుట్టుతో వచ్చింది. ఎంత రుద్దినా ఆమె బుడగకు ఒక్క ముక్కా అంటలేదు. విసుగెత్తి దాన్ని అవతల పడేసి, ప్యాకెట్లోంచి కొత్తవి రెండు తీసి ఊది, ఒకదానికొకటి కీచుకీచుమని రుద్దింది. కాగితం ముక్క లేచొచ్చి అతుక్కుంది.

"టీచర్, ఇవి రెండూ ఒకే ప్యాకెట్లోవి. రంగు కూడా ఒకటే. మరి ఏది ఇచ్చింది, ఏది పుచ్చుకుంది?"

టీచరు బుడగలు రెండూ అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "రేపు చెప్తాను" అంది.

ఇంటికెళ్లి దొరికిందల్లా చదివింది. వెళ్లేవి ఎలక్ట్రాన్లేనని కొందరు, అయాన్లని కొందరు, రుద్దినప్పుడు వస్తువు నలుసులే రాలి అవతలికి చేరతాయని ఇంకొందరు. ఒకేలాంటి రెండు వస్తువుల దగ్గరికొచ్చేసరికి తలా ఒక మాట. మనుషులు అనాదిగా చూస్తున్న వింత, ఇంకా పూర్తిగా తేలలేదు. ఆమెకు ముందు సంతోషం వేసింది. వెనకే కోపం ముంచుకొచ్చింది. ఇంత మంచి సంగతిని పిల్లల దగ్గర దాచడమేమిటి?

మర్నాడు బోర్డు మీద 'ఇది ఇంకా ఎవరికీ పూర్తిగా తెలియదు' అని రాసింది.

"ఎవరికీనా?" అన్నారు పిల్లలు.

"ఎవరికీ."

"హెడ్మాస్టరు గారిక్కూడానా?"

"ఆయనక్కూడా."

ఆ మాటకు క్లాసంతా లేచి నిలబడింది. ఆ వారమంతా రుద్దని వస్తువు లేదు. స్కేళ్లు, చెప్పులు, రెయిన్‌కోటు ముక్కలు. ఒకడు నిన్నటి బుడగకీ ఇవాళ్టి బుడగకీ తేడా వచ్చిందన్నాడు, ఇంకొకడు నీది చేతకానితనం అన్నాడు, ఇద్దరూ కొట్టుకోబోయి మళ్లీ కలిసి రుద్దారు.

మిరపగింజ ఇంటికెళ్లి, "మా టీచరుకి తెలీదంట నాన్నా!" అని గర్వంగా చెప్పింది. టైర్ల దుకాణం నడిపే ఆ నాన్నకు అందులో గర్వపడేదేమిటో అర్థం కాలేదు. తెల్లారేసరికి హెడ్మాస్టరు గది ముందు నిలబడ్డాడు.

హెడ్మాస్టరు టీచరును పిలిపించాడు. "చూడమ్మా, పరీక్షలో 'తెలియదు' అని రాస్తే సున్నా వేస్తారు. రేపు తల్లిదండ్రుల సమావేశంలో పొరపాటున అన్నానని ఒక్క మాట చెప్పేయండి. గొడవ వదిలిపోతుంది."

సాయంత్రం ఇంట్లో భర్త కూడా అదే పాట పాడాడు. "ఒక్క మాటంటే నీ సొమ్మేం పోయింది?"

చిక్కుళ్లు ఒలుస్తున్న అత్తగారు తలెత్తలేదు. "మీ నాన్న అన్నీ తెలుసన్న మనిషేరా. ఫ్యాను బాగుచేస్తానని పైకెక్కి వీధి మొత్తం చీకటి చేశాడు. తెలియదన్నవాడి వల్ల ఎవరి కొంపా మునగలేదు. నువ్వు చెప్పకమ్మాయ్."

సమావేశానికి హాలు నిండింది. హెడ్మాస్టరు ఉపోద్ఘాతం అయ్యాక టీచరు లేచి, సంచిలోంచి ఊదిన బుడగలు, కాగితం ముక్కలు తీసి బుడగలు వరసకు రెండు చొప్పున, ముక్కలు గుప్పెడు చొప్పున పంచింది. "రుద్దండి" అంది. పెద్దవాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. ఎవరో ముసలావిడ మొదలుపెట్టింది. కాసేపటికి హాలంతా కీచులే.

టైర్ల దుకాణం నాన్న చేతిలోని బుడగకు కాగితం ముక్కలు అంటుకున్నాయి. ఆయన వేలితో పొడిచి చూశాడు.

"ఇందులో ఏది ఇచ్చింది, ఏది పుచ్చుకుంది?" అంది టీచరు.

"నాకేం తెలుసు? మీరు చెప్పాలి. జీతం తీసుకునేది మీరు."

"నాకూ తెలీదండీ. తెలుసని అబద్ధమాడితే మీ అమ్మాయి ఇంకెప్పుడూ ఈ ప్రశ్న అడగదు. రేపు దీన్ని తేల్చేది అలాంటి పిల్లలే. నేను పొరపాటున అనలేదు. కావాలనే అన్నాను, మళ్లీ అంటాను."

కొందరు చప్పట్లు కొట్టారు. చాలామంది కొట్టలేదు. "మార్కుల సంగతేంటి?" అని వెనకనుంచి ఎవరో అరిచారు. "పుస్తకంలో జవాబూ నేర్పుతున్నాను, అది ఎక్కడ ఆగిపోయిందో కూడా నేర్పుతున్నాను" అని ఆమె కూడా గొంతు పెంచింది. టైర్ల దుకాణం నాన్న మాత్రం బుడగలు రెండూ చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

సోమవారానికల్లా సైన్సు క్లాసులు ఇంకొకరికి వెళ్లాయి. ఈమెకు చేతిపనుల పీరియడు ఇచ్చారు. స్టాఫ్‌రూములో సానుభూతి చెప్పబోయినవాళ్లతో, "పోనీలెండి, కత్తెరా జిగురూ అక్కడ ఉచితం" అంది. అంటూనే తన సైన్సు పుస్తకాన్ని సంచిలో అడుక్కి తోసింది. సైన్సు ఆమెకు ప్రాణం.

మొదటి చేతిపనుల క్లాసులో పిల్లలు ఒకే ప్లాస్టిక్ షీటులోంచి పట్టీలు కత్తిరించారు. తరవాత రుద్దడం మొదలుపెట్టారు. ఆ చప్పుడుకు హెడ్మాస్టరు గుమ్మంలోకి వచ్చాడు.

"ఇదేం క్లాసమ్మా?"

"చేతిపనులు సార్. చేతులతోనే చేస్తున్నాం."

ముందు బెంచీ నుంచి మిరపగింజ ఒక పట్టీ జత ఆయన ముందుకు చాపింది. "మీరూ రుద్దండి సార్. ఎవరికీ తెలీదు, ఏం కాదు."

క్లాసంతా పళ్లు బిగబట్టి నవ్వు ఆపుకుంది. ఆయన ఎర్రబడ్డాడు. ఈ పీరియడు కూడా తీసేయగలనని ఆయనకు తెలుసు, ఆమెకూ తెలుసు.

"తీసేస్తే ఆటల పీరియడు ఇవ్వండి సార్" అంది టీచరు. "మైదానంలో గాలి పొడిగా ఉంటుంది, ఇంకా బాగా అంటుకుంటాయి."

ఆయన జవాబు కోసం ఆమె ఆగలేదు. వెనక్కి తిరిగి, మూడో బెంచీలో ఎంత విడదీసినా మళ్లీ మళ్లీ అతుక్కుంటున్న పట్టీల దగ్గరికి నడిచింది.