తొమ్మిది వ్రేళ్లు

గ్రీష్మమధ్యాహ్నమార్తాండుని ప్రచండకిరణములచే సంతప్తమై బందరుపట్టణము నిట్టూర్చుచుండ సముద్రమునుండి వీచు ఉప్పుగాలి కిటికీతలుపులను దబదబ కొట్టుచుండ దేవమందిరమునకు వెనుకనున్న పెంకుటింటియందు పదునాలుగేండ్ల కన్యక యొకతె స్వేదబిందుసిక్తఫాలయై పియానోమెట్లపై కరాంగుళుల నర్తింపజేయుచుండెను. ఆమె పేరు కృపావతి. తండ్రి ఏబేలుగారు ఆ మందిరమున ఆరాధనవేళల వాద్యము వాయించువారు. విన్న గీతము నెల్ల బిడ్డ తప్పులేక మరల వాయించుట చూచి ఉప్పొంగి యాయన ఆ యేటనే ఆమెను చెన్నపట్టణమునకు గొనిపోయి సామ్యూలు విద్యాధరముగారికి శిష్యురాలిగా నప్పగించిరి.

విద్యాధరముగారు సముద్రములు దాటి పాశ్చాత్యసంగీతమున పారము ముట్టి వచ్చినవారని దేశమెల్ల వాడుక. కృపావతి కుడిచేతి యుంగరపువ్రేలు తక్కినవానికంటె దుర్బలమని కనిపెట్టి వారొక కొయ్యచట్రము చేయించి ఆ వ్రేలికి త్రాటితో సీసపుగుండు వ్రేలాడగట్టి దినమునకు మూడుగంటలు సాధన చేయింప దొడగిరి.

"అయ్యవారూ, వ్రేలు మండిపోవుచున్నది. ఒక్కదినము విరామ మిండు" అని యామె వేడుకొనెను.

"ఏడ్పు మాని వాయింపుము. ఆ మంటయే నిన్ను విద్వాంసురాలిని జేయును" అని వారు కసరిరి.

ఎనిమిదవమాసమున నరము తెగి ఆ వ్రేలు చచ్చుపడెను. అప్పుడు విద్యాధరముగారు చట్రమును బీరువాలో దాచి ఏబేలుగారికి ఈ బాలికకు ప్రతిభ చాలదనియు వ్రేలు పుట్టుకతోడనే బలహీన మనియు జాబు వ్రాసిరి. కృపావతి బందరు చేరి జరిగినది జరిగినట్లు తండ్రికి జెప్పెను.

"అమ్మా, అంతటి పెద్దలు అబద్ధ మాడుదురా?" అని తండ్రి తల యూచెను.

ఆ మాట వ్రేలికంటె నెక్కువ నొప్పించెను. అది మొదలు కృపావతి కంట నీ రెవ్వరును చూడలేదు. పగలెల్ల బాలికలబడిలో పాఠములు చెప్పి సాయంకాలములు బడిపియానో ముందు కూర్చుండి చచ్చినవ్రేలు చేయవలసిన పనిని నడిమివ్రేలికిని చిటికెనవ్రేలికిని పంచి ప్రతి కృతిని తనచేతులకు దగినట్లు తానే తిరిగి వ్రాసికొనెను. పదునొకండేండ్లు గడచెను. కలకత్తా బొంబాయి కొలంబో నగరముల సభలు ఆమెకై యెదురుచూచు కాలము వచ్చెను.

అంతట విద్యాధరముగారి షష్టిపూర్తిసన్మానము చెన్నపట్టణమున జరుగ నిర్వాహకులు కృపావతిని కచేరీకి పిలిచిరి. ఆమె వచ్చి వాయించెను. ఉరుమువలె మొదలై వెన్నెలవలె ముగిసిన యా నాదమునకు సభ కరతాళధ్వనులతో మారుమ్రోగెను. విద్యాధరముగారు వేదిక నెక్కి ఆమె భుజమున శాలువ కప్పి "సభాసదులారా, ఈమె నా శిష్యురాలు. ఈ చేతులు నేను మలచినవి" అనిరి.

ఆమె యూరకుండియే యుండెడిది. కాని ముందువరుసయందు వృద్ధుడైన తన తండ్రి ఆనందబాష్పములతో లేచి నిలిచి ఆ మాటకు చప్పట్లు చరచుట కంటబడెను. ఏండ్లతరబడి గుండెలో నణచివేసిన క్రోధాగ్ని ఒక్కసారి భగ్గున మండెను.

కృపావతి శాలువ తీసి పియానోపై బెట్టి కుడిచేయి దీపములయెదుట పైకెత్తెను. నాలుగు వ్రేళ్లు నిలిచెను. ఒకటి వ్రేలాడెను.

"అయ్యవారూ, తాము మలచినది ఈ వ్రే లొక్కటియే. తక్కిన తొమ్మిదియు నావి."

పిదప కొయ్యచట్రమును సీసపుగుండును జాబును ఒక్కటొక్కటిగా సభకు జెప్పెను.

"అమ్మాయీ, అది నీ మేలుకొరకే చేసితిని" అని విద్యాధరముగారు గొణిగిరి.

"మేలుకొరకే యైనచో నా తండ్రికి నిజ మేల వ్రాయరైతిరి?"

ఏబేలుగారు చప్పట్లు చరచిన తన చేతులవంక చూచుకొనుచు కూలబడిరి.

"గురుద్రోహము! దింపుడు!" అని కొందరు కేకలు వేసిరి. నిర్వాహకు డొకడు తెర లాగుటకు పరుగెత్తెను. అంతలో వెనుకవరుసనుండి నడివయస్కు డొకడు లేచెను. అతడెవ్వడో కృపావతి యెరుగదు. అతడు కుడిచేయి పైకెత్తెను. ఆ చేత రెండువ్రేళ్లు చచ్చి వ్రేలాడుచుండెను. మఱి కొంతసేపటికి స్త్రీలవరుసలో తెల్లచీర గట్టిన యొకతె లేచి కొంగుచాటున నుంచుకొన్న చేతిని మెల్లగా వెలికి దీసెను.

కేకలు సద్దుమణిగెను. తెరత్రాడు పట్టిన నిర్వాహకుని చేయి దానిని లాగలేక యట్లే నిలిచిపోయెను.