సింకు పక్క మంచం

మధ్యాహ్నానికి రంగుల మేస్త్రికి జ్వరం మళ్లీ ఎగబాకింది. గొంతు గొట్టంలోంచి ఆకుపచ్చటి కఫం లాగి లాగి సిస్టర్ చేతులు పడిపోతున్నాయి. నిచ్చెన మీంచి పడి, పక్కటెముకలు విరిగి వచ్చాడు మనిషి. ఎముకలు బుద్ధిగా అతుక్కుంటున్నాయి. ఊపిరితిత్తులే చెడిపోతున్నాయి.

ల్యాబ్ వాళ్లు క్రిమిని పట్టుకున్నారు. అరుదైనది, పేరు పలకడానికి నోరు తిరగదు. ఒంట్లో సత్తువ ఉన్నవాళ్ల జోలికి పోదట, పడిపోయినవాళ్ల మీదే పడుతుందట. ఆ ఆసుపత్రిలో అలాంటి బుద్ధి ఉన్నది దానికొక్కదానికే కాదు లెండి.

అదే క్రిమి మేస్త్రి తల పక్కనున్న సింకు గొట్టంలోనూ దొరికింది. అది చేతులు కడుక్కోవడానికి మాత్రమే పెట్టిన సింకు. పెద్ద డాక్టరు రౌండ్స్‌కి వచ్చినప్పుడల్లా మిగిలిన కాఫీ అందులోనే ఒంపేవాడు. ఆయన్ని చూసి చిన్న డాక్టర్లు, వాళ్లని చూసి నర్సులు. మిగిలిన గ్లూకోజూ అందులోకే. లోపల క్రిములకి పూటపూటా విందు. కుళాయి తిప్పితే తుంపర్లు అటూ ఇటూ మంచాల మీదికి.

పెద్ద డాక్టరు సిస్టర్ని గదికి పిలిపించాడు. పక్కన మేనేజరు.

"చూడమ్మా, ఈ క్రిమి మట్టిలో ఉంటుంది, నీళ్లలో ఉంటుంది. ఎక్కడిదని చెప్తాం? మేస్త్రి వాళ్లావిడ ఇంటి తువ్వాలుతో అతని మొహం తుడిచిందటగా?"

"ఒక్కసారి తుడిచింది సార్."

"చాలు. ఇంటి నుంచే వచ్చిందని చెప్పెయ్. నువ్వు చెప్తే నమ్ముతుంది."

"మరి సింకు సార్? అవతలి మంచానికి గుండె ఆపరేషన్ పెద్దావిడ వస్తోంది..."

"సింకు మూస్తే రెండు మంచాలు మూయాలి. నీ జీతం సింకు ఇస్తుందా?"

తన జోకుకి తనే నవ్వాడు. మేనేజరు కాస్త ఆలస్యంగా గుర్తొచ్చి నవ్వాడు.

బయట హాల్లో మేస్త్రి భార్య ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. నలుగురి బట్టలు ఇస్త్రీ చేసి బతికే మనిషి, అరచెయ్యి గరుకుగా ఉంది.

"నా తువ్వాలు వల్లేనా అమ్మా? ఇందాక మేనేజరు గారు దాని గురించే అడిగారు. ఉతికి, వేడివేడిగా ఇస్త్రీ చేసి మరీ తెచ్చాను. నా చేతులతో నేనే నా మొగుణ్ణి..."

ఉరి తనే తగిలించుకుని నిలబడింది. సిస్టర్ ఇక తాడు లాగడమే తరువాయి. చెప్పమన్న మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. దాన్ని మింగేసింది.

"కాదక్కా."

"మరి?"

"నీ ఇంట్లోది కాదు. మా సింకులోది. ఆయన తల పక్కనే ఉంది చూడు, అది. కాఫీలూ గ్లూకోజులూ అన్నీ అందులోనే పోశాం. నేనూ పోశాను."

మెల్లగా చెప్పాలనే అనుకుంది. గొంతు మాట వినలేదు. హాలంతా వినబడింది.

వెనక గది తలుపు తెరుచుకుని పెద్ద డాక్టరు బయటికొచ్చాడు. "సిస్టర్! ముందు లోపలికి రా!"

ఆమె తిరగలేదు.

మేస్త్రి భార్య కళ్లు తుడుచుకోవడం మానేసి డాక్టరు వైపు చూసింది. కుర్చీల్లో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే లేచారు. చేతిలో సంచితో ఒకాయన ముందుకొచ్చాడు.

"అమ్మా, గుండె ఆపరేషన్ అయిన మా అమ్మకి ఇస్తామన్న మంచం ఆ సింకు పక్కదేనా?"